గాజులు పోయి కారు వచ్చె

మొన్న ఆదివారం మా వీధి చివరింటి అమ్మాయి వచ్చి, "అక్కా, మా ఆయన గూడ ఢిల్లీ పోయి కారు తెస్తనంటున్నడు. మీరు తెచ్చుకున్నరు గద, మంచిగుంటదా?" అని అడిగింది. ఒక్క ముక్కలో చెప్పడానికి నాకు చేతకాలేదు. చాయ్ పెట్టి కూర్చోబెట్టి మొదలుపెడితే పొద్దు గూకింది, ఆమె పొయ్యి మీద పెట్టొచ్చిన పప్పు మాడిపోయింది. ఇంకెవరి పప్పూ మాడకుండా ఇక్కడే రాసి పెడుతున్నాను. తీరిక ఉన్నప్పుడు చదువుకోండి.

మాకు కారు ఎందుకు కావలసి వచ్చిందో ముందు చెప్పాలి. నా పుట్టిల్లు ఆదిలాబాద్, అత్తిల్లు కరీంనగర్. మధ్యలో 200 కిలోమీటర్ల దాకా దూరం. తమ్ముడు దుబాయ్‌లో ఉంటాడు. 2021 మే నెల, లాక్‌డౌన్ రోజులు. ఒకనాడు రాత్రి పదకొండున్నరకు పక్కింటి వాళ్ళు ఫోన్ చేశారు, నాన్నకు ఊపిరి ఆడడం లేదు, బయల్దేరి రమ్మని. మా ఆయన తెలిసిన డ్రైవర్లందరికీ ఫోన్లు చేశాడు. ఒకాయన పాస్ కావాలన్నాడు, ఒకాయన ఇంట్లో కరోనా ఉందన్నాడు, ఇంకొకాయన ఫోనే ఎత్తలేదు. వాళ్ళను తప్పు పట్టను, ఆ రోజులే అట్లాంటివి. తెల్లవారుజామున స్కూటీ కాదు, ఆయన పాత బైకు మీదే పోయాం. మేం చేరేసరికి నాన్నను తీసుకుపోయారు. ఇంటి ముందు ఆయన చెప్పులు ఉన్నాయి, అంతే.

ఆ తర్వాత ఏడాది తిరగకముందే అమ్మకు షుగరు పెరిగింది. నెలకోసారి పోవాలి. బస్సు ఎక్కితే అమ్మకు పడదు, కాబట్టి ఆమె మా ఇంటికి రాదు. నేను పోతే ఇక్కడ పిల్లల బడి, అత్తమ్మ మోకాళ్ళు. కిరాయి కారుకు ఒక్కసారికి ఆరేడు వేలు. మేడారం జాతర దగ్గరపడితే ఆ ధరకు కూడా దొరకదు. 2022 సంక్రాంతికి కూర్చుని లెక్క వేసుకున్నాం. మా ఆయనకు మోటార్ల వైండింగ్ దుకాణం. కొత్త కారు మాట ఎత్తే స్తోమత లేదు. ఇక్కడ పాత డిజైర్ డీజిల్ బండి, 2013 మోడల్, నాలుగు లక్షల దగ్గర చెబుతున్నారు. అదే బండి ఢిల్లీలో రెండున్నర, మూడు మధ్య.

అక్కడ ఎందుకంత చవక అంటే, దానికి కారణం ఉంది. ఢిల్లీ, దాని చుట్టుపక్కల పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. పెట్రోల్ బండికైతే పదిహేనేళ్ళు. 2022 జనవరి నుంచి పదేళ్ళు నిండిన డీజిల్ బండ్ల రిజిస్ట్రేషన్లు రద్దు చేయడం మొదలైంది. కాబట్టి అప్పట్లో ఎనిమిదో ఏడు దాటగానే అక్కడి వాళ్ళకు గుబులు పుట్టేది. మన దగ్గర ఆ పట్టింపు లేదు. వాళ్ళకు గుదిబండ అయింది మనకు పనికొచ్చే బండి. పాత చీర పక్కింటామెకు కొత్తగా కనబడ్డట్టు.

డబ్బు సంగతి. నా చిట్టి ఎత్తితే లక్ష వచ్చింది. మిగతాదానికి నా చేతి గాజులు నాలుగు, ఐదు తులాలు, బ్యాంకులో కుదువ పెట్టాను. లక్షా అరవై వేలు ఇచ్చారు. ఆ గాజులు పెళ్ళికి అమ్మ పెట్టినవి. ఆమెకు చెప్పలేదు. చేతులకు మట్టి గాజులు డజను చొప్పున వేసుకుని, కాగితం మడిచి కందిపప్పు డబ్బాలో పెట్టాను. మా ఇంట్లో ముఖ్యమైన కాగితాలన్నీ పప్పు డబ్బాలోనే ఉంటాయి. దొంగలు బీరువా వెతుకుతారు కాని పప్పు వెతకరు.

"ఆడిదానివి అంత దూరం ఎందుకే? మొగోళ్ళు పోయొస్తరు గద" అంది అత్తమ్మ. "నా గాజులు ఏడికి పోతే నేను గూడ ఆడికే, అత్తమ్మా" అన్నాను. నవ్వుతూనే అన్నా, కొంచెం గట్టిగానే అన్నాను. ఇంకో కారణం కూడా ఉంది. మా ఆయనది దుకాణం హిందీ, బేరం దగ్గర తడబడుతుంది. నేను ఆదిలాబాద్ బడిలో చదివిన దాన్ని. నా పక్కన కూర్చున్న పిల్లల్లో సగం మంది ఇంట్లో మరాఠీ, బజారులో హిందీ, ఉర్దూ. మూడూ గొంతులో ఉన్నాయి.

ఫిబ్రవరి 9న రామగుండంలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మా ఆయన, నేను, ఆయన దోస్తు మెకానిక్ ఒకాయన. మేమంతా ఆయన్ని భాయ్ అనే పిలుస్తాం. రానుపోను ఖర్చు, రోజుకు ఇంత అని మాట్లాడుకున్నాం. ఒక్క మాట చెప్తాను, ఆ డబ్బు దగ్గర పిసినారితనం వద్దు. మెకానిక్ లేకుండా పోతే బండి రంగు మాత్రమే చూసొస్తాం. సంచిలో పులిహోర, సకినాలు, మామిడి తొక్కు. పిల్లల్ని అత్తమ్మకు అప్పజెప్పి మంచిర్యాల దాటేదాకా నేను కిటికీలోంచే చూస్తూ ఉన్నాను, మాట్లాడలేదు.

ఢిల్లీలో మొదటి రోజు కరోల్‌బాగ్‌లో పాత కార్ల దుకాణాలు తిరిగాం. వీధి పొడుగునా కార్లే. ఒక దుకాణంలో తెల్ల డిజైర్ ఒకటి పెళ్ళికూతురిలా మెరుస్తోంది. రెండు లక్షల నలభై. మా ఆయన ముఖం విప్పారింది. నేను వెనుక సీట్లో కూర్చున్నా. లోపల ముక్కు పగిలే సెంటు. ఆ సెంటు కింద ఇంకో వాసన ఉంది. వానాకాలం ఇంట్లో దండెం మీద మూడు రోజులు ఆరని బట్టల వాసన. నాకు తెలియని వాసనా అది! "భాయ్, ఇది తడిసిన బండి" అన్నాను. ఆయన నావంక ఒకసారి చూసి, సీటు బెల్టు చివరిదాకా లాగాడు. మామూలుగా మనం లాగే దాకా తెల్లగా ఉంది, లోపల చుట్టుకుని ఉండే భాగంలో బురద చార. డిక్కీలో స్టెప్నీ తీసి చూస్తే దాని గుంటలో ఇసుక, సీటు బోల్టులకు తుప్పు. వరదలో మునిగిన బండి. వైర్లలోకి నీళ్ళు పోతే ఇవాళ నడుస్తుంది, రేపు నడిరోడ్డు మీద ఆగుతుంది. దుకాణం వాడు ఏమీ ఎరగనట్టు ఇంకో బండి చూపించబోయాడు. అది 48,000 కిలోమీటర్లే తిరిగిందని మీటరు అంటోంది, బ్రేకు పెడల్ రబ్బరేమో అరిగి నున్నగా అయింది. స్టీరింగ్ చుట్టూ కొత్త తొడుగు. భాయ్ ఆ తొడుగు జరిపి నవ్వాడు, అంతే.

రాత్రి లాడ్జిలో మా ఆయన మౌనంగా ఉన్నాడు. నాకు గాజులు గుర్తొచ్చాయి. ఖాళీ చేతులతో తిరిగి పోతామేమో అన్న దిగులు ఒకవైపు, చెడ్డ బండితో పోతామేమో అన్న భయం ఒకవైపు. రెంటిలో ఏది ఎక్కువో తేలక నిద్ర పట్టలేదు.

రెండో రోజు, శుక్రవారం సాయంత్రం, ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి ద్వారక అనే కాలనీకి పోయాం. అపార్టుమెంటులో పెద్ద వయసు దంపతులు. అంకుల్ రిటైరైన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. బూడిద రంగు డిజైర్, 2013 జులైలో కొన్నది, ఒకే యజమాని, 71,000 కిలోమీటర్లు. సర్వీసు పుస్తకంలో ఏ ఏటికి ఆ ఏడు ముద్రలు. భాయ్ గంటసేపు కిందా మీదా చూశాడు, నడిపించి చూశాడు. "భాభీ, బండి ఇల్లాలి చేతిలో ఉన్నట్టుంది" అన్నాడు. నిజంగానే అది ఆంటీ బండి. ఆమె యాభై రెండేళ్ళకు డ్రైవింగ్ నేర్చుకుందట. అంకుల్‌కు గుండె ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రికి తనే తిప్పిందట. రెండో తాళం చెవి ఎక్కడుందని అంకుల్ ఇల్లంతా వెతుకుతుంటే, ఆంటీ వంటింట్లోకి పోయి గోధుమపిండి డబ్బా పక్కనున్న చిన్న డబ్బాలోంచి తీసుకొచ్చింది. నాకు మా కందిపప్పు డబ్బా గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. చెబితే ఆమె కూడా నవ్వింది.

ధర రెండు లక్షల డెబ్బై వేలకు కుదిరింది. అప్పుడు ఆర్‌సీ కార్డు నా చేతికిచ్చారు. గ్యాసు పుస్తకం నుంచి చిట్టి కార్డు దాకా మా ఇంట్లో అన్నీ చదివేది నేనే, అలవాటు కొద్దీ చదివాను. దాని మీద ఇంకా బ్యాంకు పేరు ఉంది. అంటే లోను తీరినట్టు ఆర్టీవో దగ్గర నమోదు కాలేదు. ఫోనులో ఎంపరివాహన్ యాప్ తెరిచి నంబరు కొడితే అదే చూపించింది. అంకుల్ లోను 2018లోనే తీర్చేశాడు, బ్యాంకు ఇచ్చిన ఉత్తరం కూడా చూపించాడు. కాని ఆ ఉత్తరం పాతబడిపోయింది, ఆర్టీవో వాళ్ళు ఒప్పుకోరు, కొత్తది తేవాలి. ఫారం 35 మీద బ్యాంకు సంతకం పడాలి. అది అయ్యాకే నో అబ్జెక్షన్ సర్టిఫికెట్. మర్నాడు రెండో శనివారం, బ్యాంకు మూత. ఆ తర్వాత ఆదివారం.

ఇక్కడ మా ముగ్గురికీ పేచీ పడింది. మా ఆయన దుకాణం మూసి వచ్చాడు, ఇంకో వారం ఉండలేడు. "పెద్దమనుషులు, పోస్టులో పంపుతరు, ఇచ్చేద్దాం" అన్నాడు. భాయ్ కూడా "మనిషి మంచోడే భాభీ" అన్నాడు. "మనిషి మంచోడే, కాగితమే మంచిది కాదు" అన్నాను నేను. ఎన్‌ఓసీ లేకపోతే ఆ బండికి మన దగ్గర నంబరు రాదు. నంబరు రాకపోతే అది మన ఇంటి ముందున్న ఇంకొకరి బండి. చివరికి నేనే నోరు తెరిచి అడిగాను, రెండు లక్షల ఇరవై వేలు ఇప్పుడిస్తాం, యాభై వేలు కాగితాలు చేతికొచ్చాక పంపుతాం అని. అంకుల్ ముఖం ఎర్రబడింది. "నా మీద నమ్మకం లేదా?" అన్నాడు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నాకు అరచేతులు చెమటలు పట్టాయి. అంత పెద్దాయనను అవమానించానేమో అనిపించింది, కాని మాట వెనక్కి తీసుకోలేదు. ఆంటీ నన్ను వంటింట్లోకి పిలిచి, "సరిగ్గానే అడిగావు బేటీ. నేనైనా అంతే అడుగుతా. ఆయనతో నేను చెప్తాలే" అంది. చెప్పింది.

ఇప్పుడైతే అట్లా కూడా చేయను. లోను పేరు పోయిన ఆర్‌సీ, ఎన్‌ఓసీ రెండూ చేతిలో పడ్డాకే బండి కదిలిస్తాను. అప్పుడు మా అదృష్టం బాగుండింది, దాన్ని తెలివి అనుకోకండి.

శనివారమంతా కాగితాలే. ఫారం 28 ఎన్‌ఓసీ కోసం, 29, 30 పేరు మార్పిడి కోసం, అన్నిటి మీద అంకుల్ సంతకాలు. ఎన్‌ఓసీ ఏ ఆర్టీవో పేరున కావాలో ముందే చెప్పాలి, కరీంనగర్ అని రాయించాం. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నాం. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి రుద్దేవాళ్ళం చూడండి, అచ్చం అదే. చలాన్లు ఏమైనా ఉన్నాయా చూసుకున్నాం, ఒకటుంటే అంకుల్ కట్టేశాడు. బండి ఫలానా తేదీ ఫలానా గంటకు అప్పగించినట్టు ఉత్తరం రాయించుకున్నాం. ఆ గంట ముందు ఏం జరిగినా వాళ్ళది, తర్వాత మాది. ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజుల్లోగా మన పేరుకు మార్చమని అడగాలి, చాలామంది మరిచిపోయేది ఇదే.

ఆదివారం తెల్లవారి ఆరింటికి బయల్దేరాం. ఆంటీ కిందికి దిగి వచ్చి స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. ఏమీ అనలేదు. దారిలో తినమని పరాఠాల డబ్బా ఇచ్చి, నా చేతులు చూసి, "గాజులు బాగున్నాయి" అంది. మట్టి గాజుల్నే.

ఢిల్లీలో డీజిల్ లీటరు 86 రూపాయల 67 పైసలు. మన దగ్గర అప్పటికి 94 దాటింది. ట్యాంకు నిండా పోయించాం. ఇక అంతా ఒకటే రోడ్డు, 44వ నంబరు జాతీయ రహదారి. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయేది. మా నాన్న చివరిదాకా దాన్ని ఏడో నంబరు రోడ్డనే అనేవాడు. ఆదిలాబాద్ వాళ్ళు సగం మంది ఇప్పటికీ అంతే.

మథుర, ఆగ్రా. తాజ్‌మహల్ చూద్దామా అని మాట వరసకైనా ఎవరూ అనలేదు. చంబల్ దాటాం, గ్వాలియర్ దాటాం. అప్పటికి ఆంటీ నుంచి ఫోను. "గ్వాలియర్ దాటినట్టున్నారు, తిన్నారా?" నాకు అర్థం కాలేదు, ఎట్లా తెలుసని. తర్వాత తెలిసింది, అద్దానికున్న ఫాస్టాగ్ ఇంకా అంకుల్ పేరునే ఉంది! మేం టోలు దాటినప్పుడల్లా డబ్బు ఆయన ఖాతాలోంచి పోతోంది, మెసేజి ఆయన ఫోనుకు పోతోంది. సిగ్గుతో చచ్చిపోయాను. ముందురోజు యాభై వేలు పట్టి ఉంచిన మనిషిని నేను. "లెక్క రాసి పెట్టండి, పంపుతాం" అన్నాను. ఆంటీ నవ్వి, "రాస్తూనే ఉన్నారు, ఆయనకు వేరే పనేముంది" అంది. ఇక అక్కణ్ణుంచి ప్రతి టోలు తర్వాతా ఒక మెసేజి. ఝాన్సీ చేరారా, సాగర్ వచ్చిందా, రాత్రి నడపకండి. ఢిల్లీలో కూర్చుని ఇద్దరు ముసలివాళ్ళు తమ బండి దక్షిణం వైపు పోవడం టోలుగేటు టోలుగేటుగా చూస్తున్నారు.

ఝాన్సీకి ముందు పోలీసులు ఆపారు. ఉత్తరప్రదేశ్‌లో ఎన్నికలు, వారంలో అక్కడ పోలింగు. డిక్కీ తెరిపించి సంచులన్నీ వెతికారు. స్టీలు డబ్బా చూసి ఇదేమిటని అడిగితే మూత తీశాను. సకినాలు. ఒక కానిస్టేబుల్ ఒకటి తీసుకుని కొరికి, గట్టిగా ఉందన్నాడు. ఇంకొకటి తీసుకున్నాడు. రాత్రి ఝాన్సీలో పడుకున్నాం.

రెండో రోజు నర్సింగ్‌పూర్ దగ్గర వెనుక టైరు పంక్చరు. స్టెప్నీ వేద్దామని తీస్తే అది ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉంది. భాయ్ తల కొట్టుకున్నాడు. టైరు మీద నాలుగు అంకెలుంటాయట, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. దాని మీద 2213 అని ఉంది. కారుతో వచ్చిన టైరే, తొమ్మిదేళ్ళ నుంచి అట్లాగే డిక్కీలో పడుకుని ఉంది. భాయ్ అన్నీ చూసి అదొక్కటి మరిచిపోయాడు. లారీ డ్రైవరొకాయన దయతలచి ఆయన్ని పంక్చరు దుకాణం దాకా తీసుకుపోయాడు. రెండు గంటలు రోడ్డు పక్కన చెట్టు కింద కూర్చుని పరాఠాలు ఖాళీ చేశాం. అప్పుడే మా ఆయన అన్నాడు, "నువ్వు ఆ యాభై వేలు అడిగినప్పుడు నాకు చానా కోపమొచ్చింది" అని. "తెలుసు" అన్నాను. ఇద్దరం అంతకన్నా ఏమీ మాట్లాడుకోలేదు.

సివనీ దాటాక పెంచ్ అడవి. అక్కడ రోడ్డును వంతెనలా ఎత్తి కట్టారు, పైన బండ్లు, కింద జంతువులు పోతాయి. పులి కనబడుతుందేమో అని నేను అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్నా. గేదె కూడా కనబడలేదు. నాగపూర్ చేరేసరికి రాత్రి ఎనిమిది. పొద్దున్నే రెండు కొత్త టైర్లు వేయించి, ఎనిమిదిన్నర వేలు వదిలించుకుని, అమ్మకు ఒక సంచి సంత్రాలు కొని బయల్దేరాం.

హింగన్‌ఘాట్, పాండర్‌కవడ. పత్తి బండ్లు, మరాఠీ బోర్డులు. దాబాలో నేను మరాఠీలో మాట్లాడితే వాడు తెలుగులో జవాబిచ్చాడు. తర్వాత పెన్‌గంగ. వంతెన దాటగానే తెలుగు అక్షరాల బోర్డు. మూడు రోజుల్లో మొదటిసారి. ఆ బోర్డు మీద ఏం రాసుందో చదవనేలేదు, కళ్ళు నిండిపోయాయి. తొమ్మిది నెలల క్రితం ఇదే ఆదిలాబాద్‌కు బైకు మీద ఎట్లా వచ్చామో నాకు తెలుసు, మా ఆయనకు తెలుసు. ఆయన బండి కొంచెం నెమ్మది చేశాడు.

అమ్మకు చెప్పలేదు వస్తున్నట్టు. ఇంటి ముందు హారన్ కొడితే అమ్మ బయటికి వచ్చి, దారి తప్పిన బండేదో అనుకుని చేత్తో "ముందుకు పో, ముందుకు పో" అని సైగ చేసింది. నేను దిగాను. "గిదెవరి కారు బిడ్డా?" "మనదే అమ్మా." ఆమె కారు చూడలేదు. నా చేతులు చూసింది. నేను కొంగు కప్పుకునే లోపే చూసేసింది.

ఏమీ అనలేదు. అన్నం పెట్టింది, జొన్న రొట్టె, పచ్చి పులుసు, ఎల్లిపాయ కారం. అందరూ తిని పడుకున్నాక నా పక్కన చేరి, "అమ్మినవా, కుదువ బెట్టినవా?" అని అడిగింది. కుదువ అన్నాను. "గట్లయితే అస్తయ్" అంది. కాసేపాగి, "మీ నాయిన చేతక్ కొన్ననాడు నా పుస్తెలతాడు గూడ గట్లనే పోయింది. మూడేండ్లకు అచ్చింది. నీకు యాదికుండది, నువ్వు చిన్నగున్నవ్" అంది. నాకు ఆ స్కూటరు బాగా గుర్తు. ఏపీ 01 నంబరు, ముందు నేను నిలబడేదాన్ని. దాని వెనుక అమ్మ పసుపుతాడుతో కూర్చుందని ఇన్నేళ్ళూ తెలియదు.

మర్నాడు అమ్మ కూడా మాతో బయల్దేరింది. బస్సు పడదు కాని కారు పడుతుందని ఆమె నమ్మకం. ఇచ్చోడ దాకా ముందు సీట్లో మహారాణిలా కూర్చుంది. నేరడిగొండ దాటి నిర్మల్ ఘాట్లు మొదలయ్యాయో లేదో, కిటికీ దించే లోపే అయిపోయింది. సీటు మీద, మ్యాటు మీద, మా ఆయన చెప్పుల మీద. ఆయన పాపం, "ఏం గాదు అత్తమ్మా, పాత బండే గద" అన్నాడు. నిర్మల్‌లో కడిగించి, సోన్ దగ్గర గోదావరి దాటి, ఆర్మూర్ నుంచి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా కొండగట్టు చేరాం.

మా వైపు కొత్త బండయినా పాత బండయినా అంజన్న దగ్గర పూజ చేయించకుండా ఇంటికి తేరు. ఆ రోజు ఫిబ్రవరి 16, మేడారం జాతర మొదటి రోజు. జాతరకు పోయే జనమంతా వేములవాడ, కొండగట్టు చూసుకునే పోతారు కాబట్టి ఇసుక వేస్తే రాలనంత మంది. కొండ ఎక్కుతుంటే అమ్మ కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. 2018లో ఈ ఘాటు మీదే బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. పైన పూజారి బానెట్ మీద స్వస్తిక్ గీసి, నంబరు ప్లేటు చూసి, "ఢిల్లీ నుంచి అచ్చినవా స్వామీ" అని బండినే అడిగాడు. నాలుగు నిమ్మకాయలు తొక్కించి ఇంటికొచ్చాం. అత్తమ్మ దిష్టి తీసి, లోపల ముక్కుతో పీల్చి, "ఏందో వాసనస్తున్నది" అంది. అది వరద వాసన కాదని, మా అమ్మదని ఎట్లా చెప్పను?

ఆ తర్వాతి ఐదు వారాలు నాకు బాగా నిద్ర పట్టలేదు. కాగితాలు రావు. వీధిలో ఒకరిద్దరు "ఢిల్లీ బండి, దొంగ బండేమో" అని అననే అన్నారు. చౌరస్తాలో రెండుసార్లు ఆపారు. మా ఆయన అప్పగింత ఉత్తరం జిరాక్సు జేబులో పెట్టుకుని తిరిగేవాడు. అంకుల్ ఫోను చేస్తే ప్రతిసారీ, "బ్యాంకు వాళ్ళు రేపు రమ్మన్నారు" అనేవాడు. మార్చి చివర్లో కొరియరు వచ్చింది. బ్యాంకు పేరు పోయిన ఆర్‌సీ, కరీంనగర్ పేరున ఎన్‌ఓసీ, ఒక కాగితం మీద అంకుల్ చేతిరాతతో టోళ్ళ లెక్క, ఊరి పేర్లతో సహా. రెండు వేల చిల్లర. ఆ పూటే యాభై వేలూ టోలు డబ్బులూ పంపేశాం. ఆయన తన ట్యాగ్ మూయించాకే మాకు కొత్తది వచ్చింది.

తర్వాత ఇక్కడి ఆర్టీవో దగ్గర బండి చూపించి, జీవితకాల పన్ను కట్టాం. బండి మొదటి ధర, దాని వయసు చూసి వేస్తారు. మాకు నలభై వేలు దాటింది. ఢిల్లీలో పోయేముందు ఈ లెక్క వేసుకోనివాళ్ళే చవక చవక అని సంబరపడతారు. వేరే రాష్ట్రం బండి 12 నెలలకు మించి ఇక్కడుంటే ఇక్కడి నంబరు తీసుకోవలసిందే. బండి ధర, రైలు, లాడ్జి, డీజిల్, భాయ్ కూలి, టైర్లు, పన్ను అన్నీ కలిపితే మూడు లక్షల యాభై వేల దగ్గర తేలింది. ఇక్కడ కొన్నదానికన్నా మిగిలింది నలభై, యాభై వేలు. దానికి మూడు రోజుల రోడ్డు, ఐదు వారాల గుండెదడ. మీ ఇంట్లో కాగితాలు చదివే మనిషి, వాసన పట్టే ముక్కు, నమ్మకమైన మెకానిక్ ఉంటేనే పొండి. లేకపోతే ఆ యాభై వేలు ఇక్కడే ఇచ్చి తెలిసినవాళ్ళ బండి కొనుక్కోండి. నాకు అనిపించింది ఇదే.

టీఎస్ 02 నంబరు వచ్చింది. ఆదిలాబాద్‌ది 01, కరీంనగర్‌ది 02. మా నాన్న స్కూటరు తర్వాతి అంకె అని నేను అనుకుంటాను.

ఆ వేసవిలో నేను డ్రైవింగ్ నేర్చుకున్నా. ఆంటీకి యాభై రెండు, నాకు నలభై ఒకటే గదా అని. మొదటి వారం బడి మైదానంలో, రెండో వారం మా గేటు మీద. గేటు ఇంకా వంగే ఉంది, మా ఆయన బాగు చేయించడు, వచ్చినవాళ్ళకు చూపించుకోవడానికి. లైసెన్సు వచ్చాక ఫోటో తీసి ఆంటీకి పంపితే తిరిగి ఫోటో పంపింది, తన పాత లైసెన్సుది. గాజులు రెండు విడిపించాను, రెండు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

ఇప్పుడు నెలకోసారి అమ్మను నేనే తీసుకొస్తాను. వచ్చేటప్పుడు సంచిలో మందుల డబ్బా పక్కన రెండు ప్లాస్టిక్ కవర్లు తనే మడిచి పెట్టుకుంటుంది. "మీ ఆయన నడిపితేనే తిప్పుతది, నువ్వు నడిపితే ఏం గాదు" అని చుట్టాలందరికీ చెబుతుంది. నేను నడిపినప్పుడు కూడా రెండుసార్లు అయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని నాకు చెప్పింది.